లాగతాది

మా చెల్లెలు శోభారాణికి మిల్లర్ ఉంది, దాన్ని లాగే బండి లేదు.

మిల్లర్ అంటే కంకర, ఇసుక, సిమెంటు కలిపే మిషన్. రెండు చక్రాలు, నడుమ పెద్ద డ్రమ్ము, వెనక తొట్టి, ముందర పొడుగాటి ఇనుప కడ్డీ. ఆ కడ్డీని మా పక్క నొగ అంటారు. ఎద్దుల బండి నొగలాగే ఉంటుంది మరి. నొగ చివరి బెజ్జంలో పిన్ను దూర్చి ట్రాక్టరుకు తగిలిస్తే, ట్రాక్టరు ఎక్కడికి పోతే మిల్లర్ అక్కడికి పోతుంది.

మాది నిమ్మనపల్లెకు ఇవతల చిన్న పల్లె. ఇన్నాళ్లూ ఊళ్లో ఒకాయన ట్రాక్టరే మిల్లర్‌ను లాగేది. ఆయనకు దుక్కులుంటే దుక్కులు, ఎరువు తోలేదుంటే ఎరువు, ఏమీ లేకపోతే మిల్లర్. మిద్దె, అంటే స్లాబు, వేసే ఇంటివాళ్లు కొబ్బరికాయ చేతిలో పట్టుకుని ఆకాశం చూసేవాళ్లు. మా చెల్లెలు రోడ్డు చూసేది.

అట్లాంటి రోజుల్లో కుప్పం నుంచి వెంకటముని ఫోన్ చేశాడు. ఆయన మేస్త్రీ. ఒక వరస ఇండ్లు కట్టిస్తున్నాడు.

“మొదటి మిద్దె బుధవారం, శోభమ్మా. పొద్దున ఎనిమిదిన్నరకు ముహూర్తం. ఆ టయానికి నీ మిల్లర్ ఈడ తిరగతా ఉండల్ల. ఉంటే వరసంతా నీదే. లేదంటే క్రిష్ణగిరి నుంచి పిలిపించుకుంటా. ఆమీట నన్నేమీ అనొద్దు.”

వరసంతా అంటే ఎండాకాలమంతా పని. మా చెల్లెలి కూలీల గుంపులో ఉన్నవాళ్లందరికీ పని. ఆమె వెంటనే సరేనంది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

“ఒప్పుకుంటి అన్నా. ఎట్ల పోయేది?”

కుప్పం దగ్గర కాదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు దాటి ఇంకా పోవాలి. ట్రాక్టరు లాగుతుంది, పరిగెత్తదు. టమోటా మార్కెట్టుకు తిరిగే పికప్ బండ్లు పరిగెత్తుతాయి. అవి లాగుతాయా? మీద వేసుకుని మోసేదాన్ని రోజూ చూస్తున్నాము. వెనక తగిలించుకుని లాగేదాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట తలలో పడ్డాక, దారిన పోయే ప్రతి పికప్‌నూ వెనక నుంచి చూడటం మొదలుపెట్టాను.

“నువ్వు నాతో రా,” అంది శోభ. “మాట్లాడేది నేను మాట్లాడతా. నువ్వు సూడు. నీకెట్లాగూ మాట్లాడేది రాదు.”

నా పెండ్లాం మునిరత్నమ్మ చాటతో బియ్యం చెరుగుతూ అంది: “పెండ్లిచూపులకు వచ్చినప్పుడు గూడా గోడనే సూస్తా ఉండె. ఆ గోడకు పగులుందని మా నాయనకు సెప్పిపాయ. అదొకటే మాట.”

పగులు ఉన్న మాట నిజమే.

మొదట మదనపల్లెలో కొత్త బండ్ల షోరూముకు పోయాము. అక్కడి పిల్లవాడు సాయిప్రసాద్, తెల్ల చొక్కా, మెడలో కార్డు. కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు.

“ఏం చూస్తున్నారు మేడం?”

“పికప్.”

“పికప్ సూపర్‌గా ఉంటుంది మేడం, ఈ మోడల్లో.”

“పికప్ బండి కావాలంటాండా అప్పా.”

“అదే మేడం. ఈ పికప్‌కి పికప్ బాగుంటుంది.”

శోభ నా వైపు చూసింది. నేను నవ్వు ఆపుకున్నాను. మా పక్క యాక్సిలరేటరు నొక్కగానే బండి ముందుకు దూకడాన్నీ పికప్ అనే అంటారు. ఆ పిల్లవాడికి రెండూ ఒకటే మాట కాబట్టి రెండూ ఒకటే గుణం అనుకున్నట్టుంది. నాకు అప్పుడే అనుమానం మొదలైంది. దూకేదీ లాగేదీ ఒకటేనా? మా ఇంట్లో ఒకప్పుడు రెండెద్దులుండేవి. కాడి వేయకుండా విడిస్తే ఎర్రది ముందు ఉరికేది. బండి గుంతలో దిగబడితే మాత్రం నల్లదే మోకాళ్లు వంచి బయటికి తీసేది. ఎర్రది పక్కన ఊరికే తల ఊపేది.

“మిల్లర్ లాగతాదా?” శోభ సూటిగా అడిగింది.

సాయిప్రసాద్ పుస్తకం తెరిచాడు. హార్స్ పవర్ ఎంతో చెప్పాడు, టార్క్ ఎంతో చెప్పాడు, వెనక తొట్టిలో ఎంత బరువు వేయొచ్చో చెప్పాడు. ఆమె అన్నీ వింది.

“అది మోసేది గదా. లాగేది?”

పేజీలు తిప్పాడు. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. మూసేశాడు.

“నిజం చెప్తాను మేడం. ఈడ అందరూ టమోటా బాక్సులకే కొంటారు. వెనక కట్టుకుని లాగేది ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నాకూ తెలియదు.”

తెలియదని చెప్పినందుకు నాకు ఆ పిల్లవాడు నచ్చాడు.

టెస్ట్ డ్రైవ్ ఇచ్చాడు. శోభ నడిపింది. ఆమెకు లైసెన్సు ఉంది, ట్రాక్టరాయన రాని రోజుల మీద కోపంతో నేర్చుకుంది. బైపాసులో యాక్సిలరేటరు నొక్కగానే బండి లేగదూడ లాగా ఎగిరింది. ముందు పోతున్న బస్సును దాటేసి ఆమె గట్టిగా నవ్వింది. దిగాక నేను బండి కిందికి దూరి చూశాను. వెనక చాసిస్ చివర కొక్కి బిగించే తావు ఉంది. మళ్లీ లేచి, ఖాళీ తొట్టి వెనక అంచు మీద చేత్తో నొక్కి వదిలాను. తేలిగ్గా ఊగింది. వెనక భాగం గాల్లో ఉన్నట్టే ఉంది. ఇంజనూ మనుషులూ అంతా ముందరే.

“అప్పా,” అన్నాను. “ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాలు రోడ్డును ఎంత పట్టుకుంటాయి?”

సాయిప్రసాద్ వెనక చక్రాల వైపు చూశాడు. ఆ చక్రాలను ఆ రోజే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

“కనుక్కుని చెప్తానన్నా. నంబర్ ఇవ్వండి.”

రోడ్డు మీదికి వచ్చాక శోభ అంది: “ఏం నా, పికప్ బాగుండాది. కానీ లాగతాదని ఎవరూ సెప్పల్యా. ఎవరన్నా ఒకరు సెప్పల్ల గదా.”

చెప్పేవాడు మరుసటి రోజే దొరికాడు. పాత బండ్లు అమ్మే వాట్సాప్ గ్రూపులో పుంగనూరు బండి ఒకటి వచ్చింది. యజమాని పేరు ఆదెప్ప. శోభ ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడింది. ఇంజను బాగుందన్నాడు, టైర్లు పోయినేడు వేసినవన్నాడు, రవంత తుప్పుందన్నాడు.

“ఇంకేమన్నా ఉందాప్పా? దాయకుండా సెప్పు.”

“దాసేదేముందమ్మా. రవంత లాగతాది.”

శోభ చేయి గాల్లోకి లేచింది. “లాగతాదా?”

“లాగతాది. ఉండేది ఉండాదని సెప్తాండా.”

“రవంత గాదప్పా, గట్టిగా లాగతాదా?”

“గట్టిగా లాగితే నీకేం లాభమమ్మా?” అన్నాడు అయోమయంగా.

“నాకు కావల్సిందే అది! రేపొస్తాండాం. ఎవరికీ ఇయ్యద్దు.”

ఆదెప్ప ఇల్లు పుంగనూరు దాటి రోడ్డు పక్కనే. ముంగిట్లో ఒక పుంగనూరు ఆవు కట్టేసి ఉంది, నా నడుముకు కూడా రాదు. దాని పక్కన తెల్ల పికప్. మనిషి ముసలివాడు, పల్చన, నోట్లో వక్క. నన్ను కాక శోభను పైనుంచి కిందికి చూశాడు.

“లాగే బండి కావాలన్నది నువ్వేనా?”

“నేనే.”

“సోద్యంగా ఉండాది. ఇన్ని దినాలకు ఈ బండిని లాగతాదని సెప్తే సంతోషపడినామె నువ్వొకతే.”

శోభ స్టీరింగ్ పట్టుకుంది, ఆదెప్ప పక్కన, నేను వెనక తొట్టిలో. తారు రోడ్డు ఎక్కాక ఆదెప్ప గొంతు వినిపించింది: “ఇప్పుడు స్టీరింగు రవంత వదులు సూడు.” ఆమె వదిలింది. బండి మెల్లగా, మేతకు తల తిప్పిన ఆవులాగా, ఎడమకు తిరిగి మట్టిలోకి దిగబోయింది. ఆమె ఎగిరిపడి పట్టుకుంది.

“సూస్తివా? లాగతాది.”

బండి ఆగింది. తరువాత శోభ నవ్వు మొదలుపెట్టింది. నేను దిగి ముందుకు వచ్చేసరికి స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వుతూ ఉంది, కళ్లల్లో నీళ్లు వస్తున్నాయి. నవ్వు నీళ్లేనా అని నేను చూశాను. సగం సగం. ఆ రోజు శనివారం, చేతిలో ఇంక రోజుల్లేవు.

“ముందే సెప్తినే!” ఆదెప్ప అరిచాడు. “దాసినానా? ఎడమకు లాగతాదని సెప్పినా గదా!”

“ఎడమకు అనే మాట సెప్పల్యా నువ్వు!”

“బండి లాగతాదంటే పక్కకు లాగతాదనే గదా తల్లీ! ముందుకు పొయ్యేదాన్ని పోతాది అంటారు!”

వాళ్లు అట్లా అరుచుకుంటుంటే నేను వెనక్కి పోయి కింద పడుకున్నాను. అలవాటు. కింద చూస్తే రెండు సంగతులు కనిపించాయి. వెనక ఇరుసు మీద కమాన్ పట్టీలకు ఒక పట్టీ ఎక్కువ వేసి ఉంది. చాసిస్ చివర నాలుగు బెజ్జాలు, బోల్టులు ఆడి ఆడి అంచులు నున్నగా అరిగి మెరుస్తున్నాయి. మోసే బండికి అక్కడ బెజ్జాలతో పని లేదు.

లేచి దుమ్ము దులుపుకున్నాను. “దేన్ని లాగినావప్పా దీంతో?”

ఆదెప్ప నా మాట వినడం అదే మొదటిసారి. కొంచెంసేపు వక్క నమిలాడు.

“జనరేటరు బండి. జాతర్లకు సీరియల్ లైట్ల సెట్లు కడతా ఉంటిని. ఇప్పుడు కొడుకు టెంట్ హౌస్ పెట్టుకున్నాడు, పెద్ద లారీ ఉండాది వాడికి.”

“లాగతా ఉండెనా?” శోభ స్టీరింగ్ మీది నుంచి తల ఎత్తింది.

“దాని పని అదే గదా. యాలమ్మా?”

“ఇంతసేపూ నేనడిగింది అదే గదప్పా!”

ముసలాయన మా ఇద్దరి ముఖాలూ చూశాడు. అప్పుడు తెలిసింది ఆయనకు. నవ్వితే వక్క చొక్కా మీద పడింది. నవ్వు తగ్గాక మాత్రం, ఏదో గుర్తొచ్చినట్టు చేయి ఆడించాడు.

“ఒకటి సెప్తా. పొయ్యేటప్పుడు బాగా పోతాది. వచ్చేటప్పుడు ఒకోసారి తోక ఊపుతాది. యాలనో నాకు ఇంతవరకూ తెలీదు. జాతర అయిపోయినంక దేవరకు మన మీద మనసుండదేమో అనుకుంటా ఉంటి.”

ఆ మాట నాలో ఉండిపోయింది. అదే బండి, అదే జనరేటరు, అదే రోడ్డు. పోయేటప్పుడు ఒకరకం, వచ్చేటప్పుడు ఇంకొకరకం.

బేరం అక్కడ తెగలేదు. బుధవారం మిల్లర్ తగిలించుకుని కుప్పం పోయి చూద్దామన్నాడు ఆదెప్ప. లాగితే మీది, లాగకపోతే నాది. “బండి మీతో వస్తాది, నేను బండితో వస్తా.”

మంగళవారం సాయంత్రానికి మా పల్లెకు బండి తెచ్చాడు. వెల్డింగ్ షాపులో కొక్కి బిగించాము. ఎడమకు లాగేది మాత్రం అట్లాగే ఉంది, అలైన్‌మెంటుకు టైము లేదు. “రవంత కుడికి పట్టుకుంటే సాలు,” అన్నాడు ఆదెప్ప. మునిరత్నమ్మ పెట్టిన రాగి సంగటి రెండుసార్లు వడ్డించుకుని మా తాళ్ల మంచం మీద పడుకున్నాడు.

సామాన్లన్నీ ముందే సర్దుకున్నాము. కాంక్రీటు మోసే ఇనుప బాండ్లీలు, పారలు, వైబ్రేటరు, డీజిల్ క్యాన్లు, తాళ్లు, కడ్డీలు. ఎప్పటిలాగే వాటిని మిల్లర్ వెనక తొట్టిలో పెట్టి తాళ్లతో బిగించాము. ట్రాక్టరుకు సామాన్లు పెట్టే తావుండదు కాబట్టి మా అలవాటు అది. ఆదెప్ప పికప్ తొట్టి చూపించి ఇందులో వేయమన్నాడు. శోభ వద్దంది.

“లాగే ఎద్దు వీపున మూట పెడతారా అప్పా? దాన్ని ఖాళీగా ఉండనీ, తేలిగ్గా లాగతాది.”

అది అందరికీ సరైన మాటే అనిపించింది. నాకూ.

కోడి కూసే వేళకు బయలుదేరాము. గుంపంతా ముందే ఇంకొక బండిలో పోయింది. శోభ నడుపుతోంది, ఆదెప్ప పక్కన, నేను వెనక ఖాళీ తొట్టిలో, మిల్లర్‌కు ఎదురుగా. అది నా వెంట వస్తున్నట్టే ఉంది. మదనపల్లె దాటేదాకా మెల్లగా పోయాము. మిట్టలు ఎక్కేటప్పుడు ఇంజను మూలిగింది కానీ ఆగలేదు. లాగుతోంది. శోభ కిటికీలోంచి చేయి బయటపెట్టి నాకు బొటనవేలు చూపించింది.

పుంగనూరు దాటాక రోడ్డు సాపుగా వచ్చింది. ఆమె వేగం పెంచింది. అప్పుడు మొదలైంది.

మొదట మిల్లర్ నొగ చివర చిన్న తడబాటు. తరువాత మిల్లర్ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి. ఇంకొంచెం వేగం పెరిగితే అది ఊగడం, దాంతో పాటు నేను కూర్చున్న తొట్టి ఊగడం. ఎదురు వచ్చిన లారీ హారన్ కొట్టుకుంటూ పక్కకు దిగింది. శోభ వేగం తగ్గించింది. ఊగడం ఆగింది. మళ్లీ పెంచింది. మళ్లీ తోక ఊపింది. అట్లా రెండు మూడుసార్లు చేసి, ఇక ట్రాక్టరు పోయినంత మెల్లగా పోనిచ్చింది.

పలమనేరు ఇంకా రాకముందే రోడ్డు పక్కన ఆపేసింది. దిగి మిల్లర్ చక్రాన్ని కాలితో తన్నింది.

“ఇట్ల పోతే పదింటికి పోతాం. రాత్రే ట్రాక్టరు కట్టుకుని వచ్చింటే సరిపోయేది. నాది నేనే చెడగొట్టుకుంటి.”

“ఇది వచ్చేటప్పటి తోక,” అన్నాడు ఆదెప్ప, గడ్డం గోక్కుంటూ. “ఇప్పుడు పొయ్యేటప్పుడే యాల ఊపతాండాది? సోద్యం!”

“నీ సోద్యం ఉండనీప్పా. నా వరస పోతాండాది.”

నేను తొట్టిలోనే కూర్చున్నాను. ఇంతసేపూ నేను చూసింది కొక్కిని. నొగ బరువు దాని మీద ఉంటే నొగ కిందికి అణిగి ఉండాలి కదా. కానీ ఊగినప్పుడల్లా నొగ పైకే తన్నింది. నా కింద తొట్టి అంచు కూడా పైకే లేచింది. వెనక చక్రాలను ఎవరో నేల మీది నుంచి ఎత్తుతున్నట్టు. ఆ ఎత్తడం నేను ఎక్కడో చూసిందే. ఎక్కడో పట్టుకోలేకపోయాను. ఆదెప్పను అడిగాను.

“జాతరకు పొయ్యేటప్పుడు ఈ తొట్టిలో ఏముండె?”

“సీరియల్ సెట్లు. వైర్ల చుట్టలు. అట్టపెట్టెలు నిండా.”

“వచ్చేటప్పుడు?”

“ఆడనే ఇంకో జాతరుంటే సామాను ఆడనే వదిలేసి…” అని ఆగాడు. “ఖాళీ.”

ముగ్గురం ఖాళీ తొట్టిని చూశాము. నేను దిగి పిన్ను తీశాను.

“నొగ ఎత్తి సూడు మే,” అన్నాను శోభతో.

అది ఇనుప నొగ, ఆమె రెండు చేతులూ పెట్టి నడుము వంచింది. నొగ చటుక్కున లేచింది. ఆమె వెనక్కి తూలింది. ఒక్క చేయి తీసేసింది. ఒక్క చేత్తోనే నిలబడింది నొగ. రెండు వేళ్లతో పట్టుకుంది. ఇంకొంచెం వదిలితే పైకే పోయేటట్టు ఉంది.

“వెనక బరువు,” అన్నాను.

ఆమె నొగ పట్టుకుని అట్లాగే నిలబడింది. నా వైపు చూడలేదు. రోడ్డు వైపు చూసింది.

మా నాయన ఎద్దుల బండి కట్టేవాడు. వేరుశనగ బుడ్డల మూటలు వేసినప్పుడు వెనక బరువెక్కువైతే నొగలు పైకి లేచి, కాడి కింది పలుపు ఎద్దుల గొంతుకు బిగుసుకునేది. అప్పుడు ఆయన మూటలు మళ్లీ సర్దేవాడు కాదు. ఇంటి ముందు ఆడుకుంటున్న శోభను ఎత్తి తెచ్చి, తన పక్కన నొగల దగ్గర కూర్చోబెట్టుకునేవాడు. బండి సరిపోయేది. నేను మూటల మీద వెనక కూర్చునేవాణ్ని. నన్నెప్పుడూ ముందరికి పిలవలేదు. అది నాకు చాలా రోజులు మనసులో ఉండేది.

“నా,” అంది శోభ. “నాయన నన్ను ముందర కూసోబెట్టుకునింది దీనికా?”

నేను పిన్ను చేతిలో తిప్పుతూ తల ఊపాను.

“ముద్దుకనుకుంటినే!”

“ముద్దు గూడా ఉండిందిలే,” అన్నాను.

“ముద్దేమి ముద్దు. మూట మాదిరి ఏసినాడు నన్ను.” నవ్వింది. నొగ దించి చీర కొంగు నడుముకు చెక్కుకుంది. “రాండి. అంతా ఇప్పి ముందరికి ఎయ్యండి. ఆదెప్పా, నువ్వు గూడా.”

తాళ్లు విప్పాము. బాండ్లీలు, పారలు, వైబ్రేటరు, క్యాన్లు, కడ్డీలు, అన్నీ మిల్లర్ వెనక తొట్టి నుంచి పికప్ తొట్టిలోకి మార్చాము. ఆమె ప్రతి రెండు మోతలకూ వచ్చి నొగ ఎత్తి చూసింది. ఒక చేత్తో లేవడం ఆగింది. తరువాత రెండు చేతులతో లేచింది. చివరికి మూలిగితే గానీ లేవలేదు. అంతవరకే, ఇంక చాలని నేను చేయి అడ్డం పెట్టాను. మరీ ముందు బరువైతే ఎద్దుల మెడ కాయలు కాస్తుంది. బండికి మెడ ఉందో లేదో నాకు తెలియదు, కానీ కమాన్ పట్టీలు ఉన్నాయి.

“లాగే ఎద్దు మీద మూట పెట్టకూడదనింది ఎవరబ్బా?” అన్నాడు ఆదెప్ప, ఊపిరి పీల్చుకుంటూ.

“ఎద్దుకు నాలుగు కాళ్లు, నాలుగూ పట్టుకుంటాయి,” అంది శోభ. “నీ బండికి లాగేవి వెనక రెండే. వాటి మీద మనిషి లేడు, మూట లేదు, ఏం పట్టుకుంటాయి?”

ఎవరూ ఆమెకు చెప్పలేదు ఆ మాట. చెబుతున్నప్పుడే తెలుసుకున్నట్టు, చెప్పి తనే ఒకసారి ఆగింది.

పలమనేరు నుంచి వి.కోట దాకా ఆమె ఎంత వేగం పోయిందో నేను చూడలేదు. కొక్కినే చూస్తూ కూర్చున్నాను, బాండ్లీల నడుమ. పిన్ను కదల్లేదు. మిల్లర్ నీళ్లు తాగి వచ్చే ఆవులాగా నిమ్మళంగా వెంట వచ్చింది. ఒక తావున బస్సును దాటాము. బస్సులోని జనమంతా మిల్లర్ తమను దాటి పోవడం తల తిప్పి తిప్పి చూశారు.

కుప్పంలో ఇండ్ల వరస మెయిన్ రోడ్డుకు పైన, మట్టి మిట్ట మీద ఉంది. కింద నుంచి చూస్తే వెంకటముని నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఇంటివాళ్లు, కొబ్బరికాయ, గుమ్మడికాయ. మా గుంపు మిట్ట మీద నుంచి చేతులూపుతూ అరిచింది. ఇంకా టైము ఉంది, ఎక్కువ లేదు.

సగం మిట్ట ఎక్కాక వెనక చక్రాలు మట్టిలో గిరగిరా తిరిగాయి. బండి నిలబడి, జారింది. ఆదెప్ప తలుపు తీసి దిగబోయాడు, బరువు తగ్గుతుందని.

“దిగొద్దు!” శోభ అరిచింది. కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూసి తన గుంపును పిలిచింది. “మే! అందరూ వచ్చి బండెక్కండి! వెనక, వెనక అంచు మీద!”

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బండి జారుతుంటే దిగి తోస్తారు కానీ ఎక్కుతారా? “యాలక్కా, మేం తోస్తాం,” అన్నాడు ఒకడు. “ఎక్కరా సామీ!” అందామె. ఎక్కారు. బాండ్లీల మీద, నా మీద, ఒకరి మీద ఒకరు. తొట్టి కిందికి కుంగింది. శోభ క్లచ్ నిమ్మళంగా వదిలింది. చక్రాలు ఒక్క క్షణం ఆలోచించి మట్టిని పట్టుకున్నాయి. మూలుగుతూ, మనుషులతో సహా, మిల్లర్‌తో సహా బండి మిట్ట ఎక్కింది.

వెంకటముని చేతులు నడుము మీది నుంచి తీశాడు.

“ఏమ్మా ఇది, మిద్దె ఏసేకి వస్తివా, జాతరకు వస్తివా? తేరు మాదిరి వస్తివే!”

“టయానికి వస్తినా, ల్యాదా?”

“వస్తివి, వస్తివి. సరి, సరి, టెంకాయ కొట్టండప్పా.”

మిల్లర్ తిరిగింది. మధ్యాహ్నం దాటేదాకా తిరిగింది. నేను కంకర దగ్గర పార పట్టాను. ఆదెప్పకు పని లేదు కాబట్టి ఎవరు తట్ట ఎట్లా ఎత్తాలో అందరికీ చెబుతూ తిరిగాడు, వాళ్లు ఒకరి తరువాత ఒకరు ఆయన్ను తిట్టారు. మిద్దె మీద చివరి బాండ్లీ పడ్డాక ఇంటివాళ్లు అందరికీ కోడి కూర, సంగటి పెట్టారు.

తింటుంటే నా ఫోన్ మోగింది. చెయ్యి ఎంగిలి, శోభ తీసి స్పీకర్లో పెట్టింది.

“అన్నా, నేను సాయిప్రసాద్‌ని, మదనపల్లె షోరూం. మీరడిగింది కనుక్కున్నా. మా సర్వీసు వాళ్లతో కలిసి ఒక బండికి ఇసుక ట్రాలీ కట్టి నిన్న మేమే లాగి చూశాం. ఖాళీగా ఉంటే వెనక పట్టు తక్కువ అన్నా. తొట్టిలో కొంచెం బరువు వేసుకుని లాగాలి. భలే ఉంది. చూడండి, ఇన్ని రోజులు నాకు తెలియనే తెలియదు.”

ఆ గొంతులో సంతోషం విని నాకూ సంతోషం అనిపించింది. “మంచిదప్పా,” అన్నాను. “మాకూ ఇయ్యాలనే తెలిసింది.”

“అయితే బండి తీసుకున్నారా?”

శోభ ఆదెప్ప వైపు చూసింది. ముసలాయన ఎముక చీకడం ఆపాడు.

“తీసుకుంటి,” అంది ఆమె. “పాతది. కానీ బాగా లాగతాది.”

“ఎంత లాగుతుంది మేడం?”

“మిల్లర్‌ను లాగతాది. ఎడమకు గూడా రవంత లాగతాది.”

ఆదెప్పకు పొలమారింది. ఎవరో వీపు మీద కొట్టారు.

పొద్దు వాలక ముందే తిరుగు ప్రయాణానికి సర్దుకున్నాము. వెంకటముని వచ్చి, రెండో ఇంటికి కడ్డీ కట్టడం అయ్యాక ఫోన్ చేస్తానన్నాడు. మూడోదీ నాలుగోదీ కూడా తేదీలు చూసుకోమన్నాడు. శోభ వింటూనే మిల్లర్ ముందుకు పోయి నిలబడింది. బాండ్లీలు పికప్ తొట్టిలో ఉన్నాయి. ఆమె నొగ కింద రెండు చేతులూ పెట్టి ఎత్తింది, దించింది. మళ్లీ ఎత్తింది.

“యాలమ్మా ఊరికే ఎత్తతావు, దించతావు?” అన్నాడు వెంకటముని.

“తూకం సూస్తాండా.”

నా వైపు తిరిగింది.

“రవంత తక్కువుండాది నా. నువ్వు ముందరికి రా.”

నేను పోయి ముందర, నొగ మీద కూర్చున్నాను.